తుంటి మీద దెబ్బ

నాలుగు నెలల లాబ్రడార్ పిల్ల. కరీంనగర్‌లో కొత్తగా కట్టిన ఇంటి హాలు. నేలంతా అద్దంలా మెరిసే గ్రానైటు. ఎవరో పేరు పెట్టి పిలిచారు. పిల్ల లేచింది, కాలు జారింది, మళ్లీ లేచింది. వెనక కాళ్లు రెండూ జోడించి కుందేలులా గెంతుతూ వచ్చి ఒళ్లో పడింది. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. ఫోన్‌లో వీడియో తీసి అమెరికాలో ఉన్న కొడుక్కి పంపారు. ఆ గెంతు ముద్దుకు కాదు, నొప్పికి గుర్తు కావచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసి ఉండాల్సినవాడు ఒకడున్నాడు, పిల్లను అమ్మినవాడు. వాడు చెప్పడు.

ఏడాది తిరిగేసరికి వీడియోలు ఆగిపోతాయి. కుక్క పొద్దున్నే లేవడానికి మూలుగుతుంది. మెట్ల దగ్గర ఆగి పైకి చూస్తుంది. కారెక్కమంటే ముందు కాళ్లు లోపల పెట్టి, వెనక భాగం ఎవరైనా ఎత్తుతారేమోనని తల తిప్పి చూస్తుంది. తొడల కండ కరిగిపోతుంది. బరువంతా ముందు కాళ్లే మోస్తాయి గనుక ఛాతీ, భుజాలు మాత్రం పహిల్వానులా తయారవుతాయి. చివరికి ఆస్పత్రి. "ఎన్క కాళ్లు పడిపోయినయి సార్, లేస్తలేదు." ఎక్స్‌రే తీస్తే తుంటి కీలు వదులై, అరిగి, ఆకారం చెడి కనిపిస్తుంది. డాక్టర్లు దాన్ని హిప్ డిస్‌ప్లేసియా అంటారు. అంత ముదిరాక మళ్లీ మామూలుగా నడవాలంటే తుంటి మార్పిడి ఆపరేషన్ చేయించాలంటారు. ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది అని అడిగి, జవాబు విని, ఆ కుటుంబం మారు మాట్లాడకుండా కుక్కను ఎత్తుకుని ఇంటిదారి పడుతుంది. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. జాతి కుక్క మోజు పాకిన ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక గేటు వెనక నడుస్తున్న కథే.

తుంటి మీద కొడితే పళ్లు రాలినట్టు అని మన సామెత. దెబ్బ ఒకచోట, నష్టం మరోచోట అన్నమాట. కుక్కల వ్యాపారంలో ఈ సామెత అక్షరాలా నిజమవుతోంది. తుంటి కుక్కది. రాలుతున్న పళ్లు దాన్ని బిడ్డలా పెంచుకున్నవాళ్లవి. కొట్టినవాడు మాత్రం రెండు తల్లి కుక్కల్ని, ఒక మగకుక్కని పెట్టుకుని, వచ్చే ఈతకు అడ్వాన్సులు తీసుకుంటూ హాయిగా ఉన్నాడు. ఆపరేషన్ అవసరాన్ని పుట్టిస్తున్న ఆ వ్యాపారం మీద, చట్టాన్ని అటకెక్కించిన సర్కారు మీద, చౌకగా జాతి పిల్ల దొరికితే చాలనుకునే మన మీద ఈ అభియోగం.

ముందుగా జబ్బు సంగతి. కుక్క తుంటి కీలు మన తుంటి లాంటిదే. కటి ఎముకలో ఒక గిన్నె, తొడ ఎముక చివర ఒక బంతి. పుట్టినప్పుడు ఈ జబ్బు రాబోయే కుక్కపిల్లల కీళ్లు కూడా మామూలుగానే ఉంటాయి. తర్వాతి వారాల్లో, నెలల్లో, కీలు పట్టు తప్పి వదులవుతుంది. బంతి గిన్నెలో కుదురుగా తిరగాల్సింది పోయి, అడుగు వేసినప్పుడల్లా అంచు మీదికి జారుతుంది. గిన్నె అంచు అరుగుతుంది, బంతి చదునవుతుంది, కీలు చుట్టూ కొత్త ఎముక పెచ్చులు కడుతుంది. రెండేళ్ల కుక్కకు ఎనభై ఏళ్ల ముసలి తుంటి వస్తుంది. ఇది ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, ఎన్నో జన్యువులు కలిసి తెచ్చే వారసత్వం. దానికి తిండి, బరువు, నేల తోడై ఎగదోస్తాయి. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వీలర్, సెయింట్ బెర్నార్డ్‌లకు ఇది బాగా తెలిసిన బెడద. మన వీధుల్లో గొప్పగా గొలుసు పట్టుకుని తిప్పే పేర్లు కూడా దాదాపు ఇవే.

ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టిన జబ్బు కాదు. అమెరికాలో ష్నెల్ అనే పశువైద్యుడు 1935లోనే దీని గురించి రాశాడు. బ్రిటన్‌లో కుక్కల తుంటికి ఎక్స్‌రే తీసి పరీక్షించే పథకం 1965లో మొదలైంది. ఇప్పుడు ఒక్కో తుంటికి 53 చొప్పున మొత్తం 106 మార్కులు. ఎన్ని తక్కువ వస్తే తుంటి అంత మంచిది. అమెరికాలో జాన్ ఓలిన్ అనే పారిశ్రామికవేత్త తన వేటకుక్క ఈ జబ్బుతో పడ్డ బాధ చూసి 1966లో ఒక సంస్థకు ప్రాణం పోశాడు. రెండేళ్లు నిండిన కుక్కకే ఆ సంస్థ తుంటి బాగుందని తుది ధ్రువీకరణ ఇస్తుంది. 1980లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గెయిల్ స్మిత్ రూపొందించిన పద్ధతిలో పదహారు వారాల పిల్లకే కీలు ఎంత వదులుగా ఉందో కొలవొచ్చు. అంటే జబ్బు పేరు తెలిసి తొంభై ఏళ్లు, దాన్ని ముందే పట్టుకునే దారి తెలిసి అరవై ఏళ్లు. ఈ రోజుకీ మన దగ్గర పిల్లను కొనేవాడు అడిగేది రంగు, చెవులు, తల సైజు.

యంత్రాలు లేవన్న సాకు కూడా చెల్లదు. మార్కులు వేయడానికి ఎక్స్‌రే కావాలి గానీ, అనుమానించడానికి అనుభవమున్న చేయి చాలు. మత్తులో ఉన్న కుక్కను పడుకోబెట్టి, మోకాలు పట్టుకుని, తొడను పైకి నెట్టి మెల్లగా పక్కకు తెరిస్తే, జారిన బంతి మళ్లీ గిన్నెలోకి పడుతూ చేతికి "టక్" మని తగులుతుంది. పసిబిడ్డల తుంటి చూడటానికి ఇటలీ పిల్లల వైద్యుడు ఒర్టొలాని చెప్పిన పరీక్ష ఇదే. దాన్నే కుక్కలకూ వాడుతున్నారు. ఆ ఒక్క "టక్" వినబడ్డ కుక్కను ఈతకు వాడకుండా పక్కన పెడితే ఎన్నో పిల్లలు కుంటకుండా బతుకుతాయి. ఆ చప్పుడు వినే తీరిక ఎవరికుంది?

ఇప్పుడు చివరి మందు, తుంటి మార్పిడి. దాన్ని దగ్గరగా చూస్తే తప్ప ఇంత చిన్న నిర్లక్ష్యానికి ఎంత పెద్ద శిక్ష పడుతోందో అర్థం కాదు. కుక్కకు పూర్తి మత్తు ఇస్తారు. తుంటి నుంచి కాలి దాకా బొచ్చు గొరుగుతారు. కండరాలను పక్కకు తప్పించి, చెడిపోయిన బంతిని తొడ ఎముక నుంచి రంపంతో కోసి తీసేస్తారు. అరిగిన గిన్నెను గుండ్రటి తురుముడు పరికరంతో తొలిచి, అందులో కొత్త గిన్నె బిగిస్తారు. దాని లోపలి పొర గట్టి ప్లాస్టిక్. తొడ ఎముకను లోపల తొలిచి లోహపు కాడ దించుతారు. దాని కొసన లోహపు బంతి. కొన్నిటిని ఎముక సిమెంటుతో అతికిస్తారు. మరికొన్నిటిని సిమెంటు లేకుండా ఎముకే పెరిగి పట్టుకునేలా గరుకుగా చేస్తారు. ఎముక కొలతకు సరిపడే సైజుల పెట్టె ముందే సిద్ధంగా ఉండాలి. ఆపరేషన్ గదిలో ఏ చిన్న అపరిశుభ్రత ఉన్నా చీము పట్టి మొత్తం పీకేయాల్సి వస్తుంది. ఆపై కొన్ని వారాలు పరుగు లేదు, గెంతు లేదు, జారే నేల అసలే కూడదు. ఇవన్నీ కుదిరితే, అనుభవమున్న చేతుల్లో నూటికి తొంభైకి పైగా కుక్కలు మళ్లీ హాయిగా నడుస్తాయి. గొప్ప వైద్యమే, కాదనం. కానీ లక్షల రూపాయల వైద్యం అది. ఎక్కడ చేస్తారని కరీంనగర్‌లో అడిగినా, ఆదిలాబాద్‌లో అడిగినా అన్ని వేళ్లూ హైదరాబాద్ వైపో, అంతకన్నా దూరమో చూపిస్తాయి. కరీంనగర్ నుంచి నూట అరవై కిలోమీటర్ల పైచిలుకు. ఆదిలాబాద్ నుంచి మూడొందలు. తుంటి విరిగినంత నొప్పితో ఉన్న ముప్ఫై కిలోల కుక్కను కారు వెనక సీట్లో పడుకోబెట్టి అంత దూరం తీసుకెళ్లడం ఎంతమందికి సాధ్యం?

ఈ సందర్భంలో ఒక బాకీ గుర్తు చేయాలి. మనుషుల తుంటి మార్పిడికి బ్రిటన్‌లో జాన్ చార్న్‌లీ 1962లో నిలకడైన రూపమిచ్చాడు. 1970లలో అమెరికాలో అది కుక్కలకూ చేరింది. తర్వాత దారి తిరగబడింది. సిమెంటు లేకుండా ఎముకే పట్టుకునే గరుకు లోహపు తుంటిని మనిషికి పెట్టే ముందు కుక్కల ఎముకల్లోనే పరీక్షించారు. కాలిఫోర్నియాలో ఎముకల సర్జన్ విలియం బార్గర్, పశువైద్యుడు హాప్ పాల్ కలిసి తయారుచేయించిన రోబోడాక్ అనే మరమనిషి, 1992లో మనిషి తొడ ఎముకను తొలిచే ముందు 26 కుక్కల మీద తన పనితనం చూపించుకుంది. ఈ రోజు మన ఊళ్లో ఏ పెద్దాయనో కొత్త తుంటితో గుడి మెట్లెక్కుతున్నాడంటే, ఆ మెట్ల కింద ఎన్నో కుక్కల ఎముకలున్నాయి. మన తుంటికి అవి దారి వేశాయి. వాటి తుంటిని మనం చేతులారా పాడు చేస్తున్నాం.

ఆపరేషన్‌కు స్తోమత లేని చోట ఏం జరుగుతుంది? చెడిన బంతిని కోసి తీసేసి, కండరాలే కీలుగా పనిచేసేలా వదిలే పాత ఆపరేషన్ ఒకటుంది. చిన్న కుక్కలకు బాగా పనికొస్తుంది, ఖర్చూ తక్కువ. భారీ కుక్కకు అంత మేలు చేయకపోవచ్చు. మిగిలింది నొప్పి బిళ్లలు, బరువు తగ్గించడం. ఓపికున్న ఇంట్లో కుక్క అలాగే నెట్టుకొస్తుంది. ఓపిక లేని ఇంట్లో పెరటి చెట్టుకు గొలుసేసి కట్టేస్తారు. లేదా చీకటి పడ్డాక ఊరి బయట రోడ్డు మీద దించి, కారు తిప్పుకుని వచ్చేస్తారు. మంచం ఎక్కి పడుకున్న కుక్కకు వీధిలో తిండి వెతుక్కోవడం తెలియదు. కుంటికాళ్లతో లారీని తప్పించుకోవడం అసలే తెలియదు. దయ ఉన్నవాళ్లు కొందరు కళ్లు తుడుచుకుంటూ నిద్రపుచ్చే సూది వేయిస్తారు. ఈ దారుల్లో ఏదీ అమ్మినవాడి ఇంటి ముందు నుంచి పోదు.

కాబట్టి మొదటి ముద్దాయి అతడే. నమోదు లేదు, బోర్డు లేదు, రసీదు లేదు. ఫోన్‌లో ఫొటోలు పెడతాడు, సెంటర్‌లో అట్టపెట్టెలో పిల్లలను పెట్టుకుని నిలబడతాడు. తల్లిని చూపించమంటే ఊళ్లో ఉందంటాడు, తండ్రిని చూపించమంటే ఫోన్‌లో చూపిస్తాడు. కొన్న నెలకే పిల్ల చనిపోయినా, ఏడాదికి కాళ్లు పడిపోయినా అతని నంబరు కలవదు. ఇతను చేస్తున్నది చట్టం దృష్టిలో వ్యాపారమే. దానికి నియమాలూ ఉన్నాయి. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017 మే 23న నిబంధనలు నోటిఫై చేసింది. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కాకుండా ఎవరూ కుక్కలను ఈనించి అమ్మకూడదు. నమోదు రుసుము 5 వేల రూపాయలు, గడువు రెండేళ్లు. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను ఈతకు వాడకూడదు. జీవితకాలంలో ఐదు ఈతలకు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మే ముందు మైక్రోచిప్ వేయాలి. జతకట్టే కుక్కలు ఆరోగ్యంగా ఉన్నాయని పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలి.

చదవడానికి ముచ్చటగానే ఉంది. ఇప్పుడు కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్‌లలో జాతి కుక్క ఉన్న ఎవరినైనా అడగండి. మీ కుక్కకు మైక్రోచిప్ ఉందా? అమ్మినవాడి నమోదు సంఖ్య ఎంత? తల్లికి ఇది ఎన్నో ఈత? ఆ ప్రశ్నలే వింతగా వినిపిస్తాయి. పాలు సరిగ్గా మానని నెల పిల్లలు చేతులు మారడం మనం కళ్లారా చూస్తున్నదే. అంత లేత వయసులో తల్లి నుంచి, తోడబుట్టినవాటి నుంచి విడదీసిన పిల్ల తుంటి గురించి ఆలోచించే వ్యాపారి ఉంటాడా?

రెండో ముద్దాయి సర్కారు. 2017 సెప్టెంబరులో ఈ రాష్ట్రమే వంద సంచార పశువైద్య వాహనాలను రోడ్డెక్కించింది. 1962కు ఫోన్ చేస్తే బర్రె దగ్గరికీ, గొర్రె దగ్గరికీ డాక్టరు వస్తాడని చెప్పింది. మంచి పనే. పని చేయాలనుకుంటే చేయగలదని రుజువు కూడా. అదే ఏడాది వచ్చిన కుక్కల నిబంధనల వైపు మాత్రం అంత చురుగ్గా చూసిన దాఖలా జిల్లాల్లో కనబడదు. నమోదైన పెంపకందార్లెవరో ఏ జిల్లా కలెక్టరేట్ గోడ మీదనైనా సామాన్యుడు చదవగలిగేలా రాసిపెట్టారా? తనిఖీ చేసి ఒక్క ఈతనైనా ఆపామని ఏ అధికారైనా ఊరికి చెప్పాడా?

చెప్పినా భయపడేదెవరు? ఈ దేశంలో జంతువుల పట్ల క్రూరత్వాన్ని శిక్షించేది 1960 నాటి చట్టం. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే కనీసం ఇరవై ఐదు, గరిష్ఠం వంద రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అరవై ఏళ్లు దాటినా ఆ యాభై యాభైగానే ఉంది. ఒక తల్లి కుక్క ఒక్క ఈతతో తెచ్చిపెట్టే ఆదాయం ముందు ఆ యాభై అతని జేబులో చిల్లరకు కూడా చాలదు. జరిమానా చాయ్, బిస్కెట్ ఖర్చుకు తగ్గిన చోట చట్టం అనుమతి పత్రంగా మారిపోతుంది.

నిజానికి కుక్కలంటే ప్రభుత్వాలకు చురుకు లేకపోలేదు. 2024 మార్చి 12న కేంద్రం రాట్‌వీలర్ సహా 23 జాతులను ప్రమాదకరమంటూ వాటి అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఎవరినీ సంప్రదించకుండా రాశారంటూ కర్ణాటక హైకోర్టు నెల తిరక్కుండానే, ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. కరిచే కుక్క అంటే ఢిల్లీ దాకా గుబులు పుడుతుంది. కుంటే కుక్క అంటే మండల కేంద్రం దాకా కూడా చలనం ఉండదు. కరిస్తే నొప్పి మనది, కుంటితే నొప్పి దానిది. తేడా అదొక్కటే.

మూడో ముద్దాయి కాగితం. "పేపర్స్ ఉన్నయి సార్" అనగానే ధర రెట్టింపవుతుంది, కొనేవాడి ఛాతీ వెడల్పవుతుంది. ఆ పేపర్లు చెప్పేది ఒక్కటే, దీని అమ్మ ఎవరు, నాన్న ఎవరు, తాత ఎవరు అని. వంశవృక్షం ఆరోగ్య ధ్రువపత్రం కాజాలదు. తాత ప్రదర్శనలో బహుమతి కొట్టి ఉండొచ్చు, తాత తుంటి ఎలా ఉందో ఆ కాగితం చెప్పదు. పైగా ఒకే రక్తంలో మళ్లీ మళ్లీ జతకట్టించి "లైన్" నిలబెట్టామనుకునే చోట మంచి లక్షణంతో పాటు చెడు లక్షణమూ చిక్కబడుతుంది. వీపు కిందికి వంగి, వెనక కాళ్లు నేలకు జారినట్టు నిలబడే జర్మన్ షెపర్డ్‌ను అందమని మెచ్చుకునే కళ్లకు కూడా ఈ పాపంలో పాలుంది. పెడిగ్రీ కాగితం చేతిలో ఉంది కదా అని ఆరోగ్యం కొన్నామనుకోవడం కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే. గోదావరికి అటూ ఇటూ ఉన్న పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలవాళ్లకు ఆ నది లోతు ఒకరు చెప్పాలా?

నాలుగో ముద్దాయి మనం. పిల్లలు దేశం దాటిపోయాక ఖాళీ అయిన ఇళ్లలో తోడు కోసం కుక్కను తెచ్చుకుంటున్నాం. అందులో తప్పు లేదు. ఆ ముసలి ప్రాణాలకు గడప దాకా ఎదురొచ్చేది అదొక్కటే. కానీ తెచ్చుకునే తీరు చూడండి. ఫ్రిజ్ కొనేటప్పుడు గ్యారంటీ కార్డు అడుగుతాం. పన్నెండేళ్లు మనతో బతకాల్సిన ప్రాణాన్ని కొనేటప్పుడు తల్లిదండ్రుల ఎక్స్‌రే అడగం. రెండు వేలు తక్కువకిస్తానంటే నెల పిల్లనే సంచిలో వేసుకొస్తాం. తెచ్చాక ప్రేమ పేరుతో రెండో దెబ్బ కొడతాం. తొందరగా దిట్టంగా కనబడాలని గుడ్లు, చికెన్, అన్నం కూరి కూరి పెడతాం. పిల్లతో పాటే కాల్షియం టానిక్ కొనేస్తాం. భారీ జాతి పిల్లలకు మోతాదు మించిన కాల్షియం ఎముకల ఎదుగుదలనే చెడగొడుతుందని చెప్పేవాడు లేడు, అడిగేవాడు లేడు.

బరువు సంగతి ఒక్క ప్రయోగం తేల్చేసింది. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదాని కన్నా పావు వంతు తక్కువ తిండి పెట్టి, జీవితాంతం గమనించారు. ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. వాటి తుంటి అరుగుదల చాలా ఆలస్యంగా మొదలైంది. నార్వేలో నాలుగు భారీ జాతుల పిల్లలను పరిశీలించినవాళ్లు, మూడు నెలల లోపు మెట్లెక్కి దిగిన పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువని, మెత్తటి నేల మీద స్వేచ్ఛగా తిరిగినవాటిలో తక్కువని 2012లో రాశారు. మన గ్రానైటు ప్రపంచమంతా పోతుంది. టాన్ బ్రౌన్ అంటే కరీంనగర్ అని రాతి వ్యాపారులకు తెలుసు. ఆ రాయి మన హాలులో మెరిస్తే మనకు గర్వం. ఎదిగే పిల్లకు అడుగడుగునా జారుడు. ఓ పాత గోనెపట్టా పరిస్తే తప్పే జారుడు అది. దానికి మనసొప్పదు, ఇల్లు పాడవుతుందట.

మా వృత్తినీ వదలం. పోలీసుల దగ్గరుంటే "జాగిలం" అని, వీధిలో ఉంటే "కుక్కల బెడద" అని రాసే పత్రికలు, పిల్లల అమ్మకం ప్రకటన వేసేటప్పుడు నమోదు సంఖ్య ఏదని అడగడం తమ పని అనుకోలేదు. ఇంతవరకు అనుకోకపోవడం మా తప్పే.

"మనుషులకే దిక్కులేదు, కుక్కకు తుంటి మార్పిడి కావాల్సి వచ్చిందా?" అని అడిగేవాళ్లుంటారు. ఈ జిల్లాల్లో ఆ ప్రశ్నకు బరువుంది. ఏజెన్సీ గూడేల నుంచి గర్భిణులను మంచాల మీద వాగులు దాటించే వార్తలు ఇంకా ఆగలేదు. మోకాళ్లరిగిన బీడీ కార్మికురాలు, నడుం పట్టేసిన నేతకార్మికుడు ఆపరేషన్ తేదీ కోసం తిరుగుతూనే ఉన్నారు. వాళ్ల వంతు తీసి కుక్కకు ఇమ్మని ఎవరూ అడగడం లేదు. సర్కారు డబ్బుతో ప్రతి కుక్కకూ కొత్త తుంటి వేయమని ఈ పత్రికా అడగదు. అడుగుతున్నది అంతకన్నా ఎంతో చౌకైనది. చట్టంలో ఉన్న మాటను అమలు చేయమని. జతకట్టించే ముందు తుంటి చూడమని. దానికి కావాల్సింది ఒక ఎక్స్‌రే గది, కొంచెం మత్తు మందు, చూసి చెప్పగల ఒక కన్ను. చివర్లో లక్షలు పోసి కోసే బదులు మొదట్లో కాస్త ఖర్చుతో ఆపమనడం విలాసం ఎలా అవుతుంది?

ఆ కన్ను మనకు దూరంగా లేదు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అది ఈ నేల బిడ్డ పి.వి. నరసింహారావు పేరున్న విశ్వవిద్యాలయం కిందిదే. వంగర ఆయన ఊరు, మంథని ఆయన గెలిచిన నియోజకవర్గం, రెండూ పాత కరీంనగర్ జిల్లావే. అక్కడ వారానికి ఒక రోజు తుంటి పరీక్ష పెట్టండి. పెంపకానికి వాడే ప్రతి జర్మన్ షెపర్డ్‌కు, లాబ్రడార్‌కు, గోల్డెన్‌కు, రాట్‌వీలర్‌కు రెండేళ్లు నిండాక ఎక్స్‌రే తీసి, మార్కులు మైక్రోచిప్ నంబరుతో కలిపి బహిరంగంగా పెట్టండి. పద్దెనిమిది నెలలకే ఈతకు అనుమతించే నిబంధన, రెండేళ్లకు గానీ తేలని తుంటికి సరిపోదని కేంద్రానికి రాయండి. వీధి కుక్కల సంగతీ అక్కడే చూడొచ్చు. రాజీవ్ రహదారి మీద వాహనం తగిలి తుంటి తప్పిన కుక్కకు బంతి తీసేసే ఆపరేషన్ రేపటి డాక్టర్ల చేతికి మంచి చదువు. ఆదిలాబాద్ వైపు నుంచి కోరుట్ల కూడా దూరమే గనుక నెలకోసారి ఆ బృందమే నిర్మల్, మంచిర్యాల, ఆదిలాబాద్ పశువైద్యశాలలకు వెళ్లాలి.

ఈ పని సర్కారు తన కుక్కలతోనే మొదలుపెట్టాలి. ఈ జిల్లాల అడవి దారుల్లో మందుపాతర వాసన పట్టి పోలీసు కాలికి ముందు తన కాలు వేసింది జాగిలమే. ప్రజల డబ్బుతో కొనే ప్రతి జాగిలానికీ తుంటి ధ్రువీకరణ తప్పనిసరి చేసి, ఆ కాగితాన్ని అందరికీ కనబడేలా పెడితే, ప్రభుత్వానికి అమ్మాలనుకునే ప్రతి పెంపకందారూ ఎక్స్‌రే గది వెతుక్కుంటాడు. ఏ ఉపన్యాసమూ తేలేని మార్పును ఒక్క కొనుగోలు షరతు తెస్తుంది.

పశువైద్యులకు ఒక మాట. చెప్పుకోలేని ప్రాణాల తరఫున మాట్లాడే చదువు మీది. జతకట్టించడానికి తెచ్చిన కుక్క కుంటుతూ కనిపిస్తే, వద్దని చెప్పడం మీ పని. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే ముందు ఆ "టక్" కోసం చేయి పెట్టి చూడటం మీ ధర్మం.

పాఠకులకు ఒక మాట. ఈసారి పిల్లను కొనాలనిపిస్తే మూడు అడగండి: నమోదు సంఖ్య, మైక్రోచిప్, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే. మూడింట్లో ఒక్కటి లేకపోయినా డబ్బు జేబులోనే పెట్టుకుని రండి. ఎంత ముద్దుగా చూసినా రండి. మీరు జాలిపడి కొన్న ఆ ఒక్క పిల్లే వచ్చే ఈతకు పెట్టుబడి అవుతుంది. కావాల్సింది తోడే అయితే, మీ వీధి చివర చూరు కింద ముడుచుకుని పడుకున్న పిల్లకు రేబిస్ టీకా వేయించి ఇంటికి తెచ్చుకోండి. దానికి కాగితాలుండవు. వీధే దాన్ని పరీక్షించింది.

కోసి అతికించే విద్యలో ప్రపంచం ఎంతో ముందుకు పోయింది. కోయాల్సిన అవసరం రాకుండా చూడటంలో మనం మొదటి అడుగు కూడా వేయలేదు. రెండేళ్ల కుక్కకు కొత్త తుంటి లక్షల్లో. దాని తుంటి చెడేలా జతకట్టించినవాడికి ఈ దేశ చట్టం వేయగల జరిమానా, మొదటిసారికి, యాభై రూపాయలు.